అలాగేనండి

సంతకం పెట్టాల్సిన కాగితం రెండు రోజులుగా భోజనాల బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా వదిన దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది. అన్నయ్య ఆ బల్ల దగ్గరే రెండు పూటలా తింటున్నాడు. ఉప్పు కావాల్సి వస్తే డబ్బా తీసుకుంటున్నాడు, వేసుకుంటున్నాడు, మళ్లీ కాగితం మీద సరిగ్గా అదే చోట పెడుతున్నాడు. సంతకం మాత్రం పెట్టడం లేదు.

"మధ్యాహ్నం లోపల ప్లీడరు చేతిలో పడకపోతే రేపు కేసు పిలిచేసరికి మన దగ్గర ఏమీ ఉండదు," అన్నాను. పొద్దుటినుంచి అనడం అది మూడోసారి.

అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కొళాయి చాలాసేపు పారింది.

కింద మా పిండిమర ఆగి నాలుగు నెలలు. ఇంటాయన కేసు గెలిచి, మమ్మల్ని ఖాళీ చేయించడానికి కోర్టు అమీనాని పంపే వేళకి మేము పై కోర్టులో అప్పీలు వేసి, ఆ డిక్రీ అమలు కాకుండా స్టే తెచ్చుకున్నాం. తెచ్చుకున్నామని సంబరపడ్డది ఒక్క పూట. అప్పీలు తేలేదాకా ఇల్లు మా చేతిలోనే ఉంటుంది, పైన కాపురం చేసుకోవచ్చు, ఎవరూ సామాన్లు వీధిలో పెట్టరు. కానీ కింద మర నడపకూడదు. మర అదురుకి పక్కనున్న తన ఇంటి గోడ బీటలు వారిందని ఇంటాయన గోల. అందుకని ఆ షరతు.

మర ఆరు నెలలు వరసగా తిరగకపోతే లైసెన్సు పోతుంది. పోతే ఆ వీధిలో కొత్తది ఇవ్వరు. అప్పీలు తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో ప్లీడరు కూడా నోరు విప్పి చెప్పడు. అంటే మేము గెలిచినా చివరికి మాకు మిగిలేది మర పెట్టుకోవడానికి వీల్లేని గది. గింజలు పోయి గోనె మిగిలినట్టు.

నాకు ఏ విషయమైనా రెండు పళ్లేల్లో పెట్టి చూస్తే గాని అర్థం కాదు. ఈ స్టేని అలాగే పెట్టి చూశాను. ఒక పళ్లెంలో కప్పు, ఒక పళ్లెంలో బతుకు. కోర్టువారు కప్పు ఇచ్చి బతుకు పట్టుకున్నారు.

షరతు సడలించమని అడగొచ్చు, ఆ అధికారం కోర్టుకి ఉంది అని ప్లీడరు అన్నాడు. ధైర్యంగానే ఉన్నాం. తీరా ఆర్డరు కాపీ చేతికొచ్చి చదివితే అందులో ఒక వాక్యం ఉంది. 'అప్పీలుదారు స్వయంగా హాజరై పై షరతుకు సమ్మతించినారు.'

అప్పీలుదారు అంటే అన్నయ్య. అద్దె కాగితం ఆయన పేరు మీద ఉంది. మర నా పేరు మీద ఉంది. ముప్పై ఏళ్లు మర రాళ్ల దగ్గర నిలబడింది అన్నయ్యే, కానీ నడుం పోయాక మూడేళ్ల కింద మర నాకు అప్పజెప్పి, పైన వదిన కుట్టుమిషన్లకి గుడ్డ కత్తిరించి ఇస్తున్నాడు. అప్పుడే తేల్చుకున్నాం. కప్పు సంగతి ఆయన చూడాలి, రాళ్ల సంగతి నేను చూడాలి.

ఆ వాక్యం ఎలా వచ్చిందని అడిగితే అన్నయ్య చెప్పింది ఇంతే. ఆ రోజు ప్లీడరు పక్క హాల్లో ఇంకో కేసులో ఉన్నాడు. నేను మరకి బెల్టు కొనడానికి వెళ్లాను. జడ్జమ్మగారు అన్నయ్యని ముందుకి పిలిచి ఏదో అడిగింది. సరిగ్గా వినపడలేదు. "అలాగేనండి అన్నాను," అన్నాడు.

అలాగేనండి.

మా మర దగ్గర ఆ మాట రోజుకి వందసార్లు వస్తుంది. సన్నగా పట్టమంటే అలాగే. మావి ముందు పట్టమంటే అలాగే, వెనకున్నవాళ్లు మావి ముందు పట్టమంటే వాళ్లకీ అలాగే. మా అబ్బాయి అంత తెలివైనవాడు ఇంకొకడు లేడంటే దానికీ అలాగే. అది ఒప్పుకోవడం కాదు. గడప దగ్గర కాళ్లు తుడుచుకున్నట్టు, అదొక మర్యాద. నువ్వన్నది నా చెవిన పడిందని చెప్పడం. ఒక్కోసారి పడలేదని చెప్పడం కూడా.

ఆ మర్యాదని కోర్టు గుమాస్తా సమ్మతి అని రాసేశాడు.

బల్ల మీద ఉన్న కాగితంలో ప్లీడరు రాసింది అదే. నాకు వినికిడి లోపం ఉంది, జడ్జిగారి ప్రశ్న నాకు అందలేదు, అలాగే అన్నది నా ఊతపదం, దాన్ని సమ్మతిగా తీసుకోవద్దు అని. కింద గీత. గీత మీద అన్నయ్య సంతకం పడాలి.

అన్నయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

వదిన మిషన్ ఆపింది. ఆమె మాట మొదలుపెడితే కత్తెరకి గుడ్డ అందించినట్టే, మధ్యలో ఆగదు. చెవుడు అని రాసుకుంటే నామోషీ ఏమిటంది. ముప్పై ఏళ్లు ఆ రాళ్ల పక్కన నిలబడ్డవాడికి చెవులెక్కడ మిగులుతాయంది. కోర్టుకి ఇప్పుడు తెలుస్తోందిగాని తనకి పెళ్లైన కొత్తలోనే తెలుసంది.

"నేను పదిసార్లు పిలిస్తే పలకరు. వాళ్ల చెల్లెలు ఫోన్ చేస్తే మాత్రం వీధి చివరినుంచి వినపడుతుంది. ఏ జాతి చెవుడో మరి."

నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకి రాలేదు.

"గింజల బజారులో నేను అలాగే అంటే చీటీ కూడా రాసుకోరు," అన్నాడు మెల్లగా. "లారీ ఎక్కించి పంపిస్తారు. ఇప్పుడు ఆ మాటకి అర్థం లేదని నేనే సంతకం పెట్టి ఇవ్వాలా?"

అది నిజమే. ఆ బజారులో ఆయన మాట రాతకన్నా గట్టిది. ఎవరైనా బేరంలో వెనక్కి పోతే 'నువ్వేమన్నా మరాయన అనుకున్నామా' అని వెక్కిరిస్తారు. కానీ గట్టి మాట ఉన్నవాడికి నష్టం కూడా గట్టిగానే వస్తుంది, ఎందుకంటే వెనక్కి పోవడానికి దారి ఉండదు.

"మాట నిలబెట్టుకోండి," అంది వదిన. "మాట మీద నిలబడి పిండి పట్టుకుందాం."

మా ఆవిడ వంటగదిలోంచి కొబ్బరిపీచు కుంచె పట్టుకొచ్చి, మా మధ్యలోంచి నడిచి మెట్లు దిగి వెళ్లింది. రోజూ అదే వేళకి దిగుతుంది. మర ఆగితే రాళ్ల గంట్లలో మిగిలిన పిండి తేమ పట్టి సున్నం గారలా గట్టిపడుతుంది. అది పట్టకుండా కుంచెతో దులుపుతుంది. ఎందుకు దులుపుతున్నావని నేను అడగలేదు, ఎందుకని ఆమె చెప్పలేదు.

కాసేపటికి అన్నయ్య కూడా దిగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నేనూ దిగాను.

మర గదిలో వెలుగు దుమ్ము లేకుండా ఉంటే నాకిప్పటికీ వేరే ఎవరి గదిలోకో వచ్చినట్టు ఉంటుంది. బెల్టు వదులుగా వేలాడుతోంది. గింజలు పోసే తొట్టిలో సాలెగూడు. గోడ పక్కన ఖాళీ డబ్బాలు, ఎప్పుడో పిండి సంచిలో పోయించుకుని డబ్బా మరిచిపోయినవాళ్లవి, మూతల మీద సున్నంతో వేసిన గుర్తులు ఇంకా ఉన్నాయి.

వాకిట్లో ఒక ముసలమ్మ డబ్బా దింపి నిలబడింది. పక్క పేటలో కొత్త మరకి పోకుండా ఇంకా మా దగ్గరికొచ్చేది ఆమె ఒక్కతే. వారానికోసారి వస్తుంది, తిరిగి మోసుకుపోతుంది.

"ఇవాళ కూడా లేదా నాయనా?"

"లేదమ్మా," అన్నాడు అన్నయ్య.

"మరి ఎప్పుడు రమ్మంటావు?"

అన్నయ్య ఆమె డబ్బా వంక చూశాడు. మామూలుగా అయితే ఆయన నోట ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అది రాలేదు. ముసలమ్మ కాసేపు చూసి, కొత్త మరవాడు రాళ్లు వేడెక్కించి పిండి మాడుస్తాడని, అయినా ఇక తప్పదని గొణుక్కుంటూ డబ్బా ఎత్తుకుంది.

ఆమె మలుపు తిరిగేదాకా ఆగి కాగితం తీశాను.

"ఇంకో రెండు నెలలు అన్నయ్యా. తర్వాత నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. వదినకి మిషన్లున్నాయి. నీకు కత్తెరుంది. నాకున్నది ఇదే."

అన్నయ్య నా మొహంలోకి చూడలేదు. తొట్టి మూత మీద అరచేత్తో ఒకసారి తుడిచి, కాగితం పరిచి, సంతకం పెట్టాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా పెట్టగా చూడలేదు. పెన్ను మూత పెట్టి నా జేబులోనే గుచ్చాడు.

గెలిచాననుకున్నాను. బేరంలో అవతలివాడు మారు మాట్లాడకుండా ఇచ్చేస్తే సరుకులో ఏదో తేడా ఉందని నాకు తెలియనిది కాదు. ఆ రోజు ఆ సంగతి ఎందుకో మరిచిపోయాను.

ప్లీడరు ఆఫీసు ఒక మందుల దుకాణం మీద ఉంటుంది. మెట్ల మీదే సగం కేసులు తేలిపోతాయి, అంత ఎత్తు. ఆయన కాగితం చూసుకుని తృప్తిగా తలూపి, నాకు ఇంకోసారి చెప్పాడు. షరతు పెట్టిన కోర్టుకే దాన్ని మార్చే అధికారం ఉంది. కానీ తన ఆర్డరు తప్పని తనే కూర్చుని విచారించుకోదు. అందుకని ఆ గదికి రెండే తలుపులు. ఆ రోజు తర్వాత పరిస్థితి ఏదైనా మారి ఉండాలి. లేదా ఆ రోజే పొరపాటు జరిగి ఉండాలి.

లైసెన్సు పోతుందన్నది మొదటి తలుపు కాదా అని అడిగాను. కాదట. ఆ నిబంధన షరతు పెట్టిన రోజు కూడా ఉంది, అప్పుడు చెప్పకపోవడం మన తప్పు. సమ్మతి అన్న వాక్యం లేకపోతే ఏదో వాదించేవాడినన్నాడు. ఒప్పుకుని తీసుకున్నవాడు మళ్లీ బరువుగా ఉందంటే ఏ కోర్టూ వినదు.

"అందుకే చెవి," అన్నాడు ప్లీడరు. "మనకి ఉన్న తలుపు ఆ చెవి ఒక్కటే. దానికి మీరు కూడా ఒక ఊతం ఇవ్వాలి."

ఊతం అంటే నా పేరు మీద ఇంకో కాగితం. మా అన్నగారికి ఐదేళ్లుగా వినికిడి తగ్గిన సంగతి నాకు స్వయంగా తెలుసు అని ప్రమాణం. డాక్టరు చీటీ ఏమైనా ఉందా అని అడిగాడు, లేదన్నాను. మరవాళ్లకి చెవుడన్నది లోకానికి తెలిసిన సంగతే కదా అన్నాను. నమ్మే అన్నాను. పెట్టాను సంతకం.

మర్నాడు పదకొండింటికి కేసు పిలిచారు.

హాలు బయట ఇంటాయన ఎదురుపడ్డాడు. పేచీ ఎంత ఉన్నా పలకరింపు మానడు. వదిన మొహం తిప్పుకుంది. ఆయన నాతో, మీ రాళ్ల చప్పుడు లేక నాకే ఇల్లు బోసిగా ఉందయ్యా అన్నాడు. వెక్కిరిస్తున్నాడో నిజంగానే అంటున్నాడో ఆ మొహంలో ఎప్పుడూ తెలియదు. అయితే కేసు మానుకోండి, చప్పుడు చేస్తాం అన్నాను. గోడ మానుకోదుగా అన్నాడు.

జడ్జమ్మగారు చిన్న మనిషి. గొంతు కూడా చిన్నదే. మా ప్లీడరు చెప్పినంతసేపూ కాగితాలు తిప్పుతూ విన్నారు. లైసెన్సు మాట వచ్చినప్పుడు ఒక్కసారి తలెత్తి, ఆ నిబంధన అప్పుడు లేదా అని అడిగారు. ఉందన్నాడు ప్లీడరు. మళ్లీ తల దించుకున్నారు. మొదటి తలుపు మూసుకున్న చప్పుడు నాకు వినపడింది.

చెవి సంగతి వచ్చింది. ఇంటాయన తరఫు ప్లీడరు పొడుగాటి మనిషి, లేవడానికే సగం నిమిషం తీసుకుంటాడు.

"ఆ రోజు స్టే ఇచ్చామన్న మాట మాత్రం వీరికి బాగానే వినపడిందమ్మా," అన్నాడు.

హాల్లో ఎవరో నవ్వారు.

ఆయన చెప్పింది నవ్వు సంగతి కాదు. ఈ స్టే నిలబడిందే ఆ సమ్మతి మీద అన్నాడు. మర ఆపుతామన్నారని ఇంట్లో ఉండనిచ్చారు. ఇప్పుడు సమ్మతే లేదంటే దాని మీద కట్టిన స్టే కూడా లేదు. కింద రాయి లాగేసి పైన కప్పు ఉండమంటే ఉండదు.

అంతసేపూ నేను షరతుని ఒక్కదాన్నే లాగుతున్నాననుకున్నాను. రెండూ ఒకే గోనెకి కుట్టి ఉన్నాయని అప్పుడు తెలిసింది. మా ప్లీడరు మొహం చూస్తే ఆయనకి ముందే తెలుసని కూడా తెలిసింది.

జడ్జమ్మగారు పెన్ను పక్కన పెట్టారు.

"షరతు మార్చే అధికారం నాకు లేదని నేను అనను. పొరపాటు జరిగిందని నమ్మకం కుదిరితే స్టే సంగతి మొత్తం మొదటినుంచి వింటాను, షరతుతో సహా. కుదరకపోతే, కోర్టుకి అబద్ధం చెప్పినవాళ్లకి స్టే ఎందుకుండాలో కూడా ఆలోచిస్తాను. ఇప్పుడే పిటిషన్ వెనక్కి తీసుకుంటే ఉన్నది ఉంటుంది. రెండున్నరకి చెప్పండి."

మెట్ల కింద ఒక బెంచీ ఉంటే అక్కడ కూర్చున్నాం. వదిన టీ తేవడానికి వెళ్లింది. ఆమె వెళ్లేదాకా అన్నయ్య తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ రోజు ఆమె ఏమడిగిందో చెప్పనా?" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"'మర ఆపుకుంటే ఇల్లు ఉండనిస్తాను. ఆపనంటే రెండూ ఇవ్వలేను. ఏమంటారు పెద్దాయనా?' అంది. అంత వివరంగా మన ఇంట్లో కూడా ఎవరూ నాతో మాట్లాడరు."

"వినపడిందా?"

"ప్రతి ముక్కా."

పైన మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. వాళ్లు దిగి వెళ్లిపోయేదాకా ఆగాం.

"పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది," అన్నాడు. "నేను కాదంటే కొట్టేసేది. ఆ మొహం చూస్తే తెలిసిపోయింది. పైన నలుగురం పడుకుంటాం. కింద రెండు రాళ్లు పడుకుంటాయి. రాళ్లని ఎక్కడైనా పడుకోబెట్టొచ్చు."

"ఆ రాళ్లు నావి అన్నయ్యా."

"తెలుసు."

"నన్ను అడగాలి కదా."

"అడిగితే వద్దంటావు."

బేరం తప్పని నేను అనలేను. ఆయన చోట నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణి. రెండూ పోయేచోట ఒకటి దక్కించుకున్నాడు. కాకపోతే దక్కింది ఆయన వాటా, ఇచ్చేసింది నా వాటా. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పకుండా వినపడలేదన్నాడు. నాలుగు నెలలు నేను ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నాను. నా భార్య రోజూ కుంచె పట్టుకుని మెట్లు దిగింది. ఆయన చూశాడు.

"మరి నిన్న సంతకం ఎందుకు పెట్టావు?"

"నువ్వు అడిగావు కదా," అన్నాడు. "ఒకసారి నిన్ను అడక్కుండా ఇచ్చేశాను. నువ్వు అడిగింది కూడా ఇవ్వకపోతే ఎలా?"

ఇద్దరం చాలాసేపు ఎదురుగోడ మీది నోటీసులు చదివాం. చదివిందే మళ్లీ చదివాం.

వెనక్కి తీసుకుంటే కప్పు ఉంటుంది, మర చచ్చిపోతుంది. అది ఖాయం. ముందుకి పోతే మర రావచ్చు, అంతా పోవచ్చు. అబద్ధం కూడా ఒక సరుకే, కొనేవాడు ఉంటే చెల్లుతుంది. ఇప్పుడా సరుకు గురించి తెలిసినవాళ్లం ఇద్దరమే. నిన్న నేను పెట్టిన సంతకం తెలియక పెట్టింది. ఇవాళ ఆ గదిలో నిలబడి అదే చెబితే తెలిసి చెప్పింది అవుతుంది. రేటు అక్కడ మారింది.

"ఏం చేద్దాం?" అన్నాను.

"నీ ఇష్టం."

మా ఇంట్లో నీ ఇష్టం అన్నవాడు ఆ తర్వాత జరిగేదానికి పూచీ లేదని తలుపు వేసుకున్నట్టు లెక్క. వదిన మూడు గ్లాసులు రెండు చేతుల్తో పట్టుకుని వస్తోంది. ఆమెకి ఇదేమీ తెలియదు. మా ఇద్దరి మొహాలు చూసి, పెళ్లి చూపులకి వచ్చినట్టు కూర్చున్నారేంటని, తాగండి చల్లారిపోతుందని అంది. తాగాం.

రెండు ఇరవైకి ప్లీడరు వచ్చి వంగి, నడుపుదామా మానుకుందామా అని నన్నే అడిగాడు. అన్నయ్యని అడగలేదు. మెల్లగా అడిగినదానికి చెవిటివాడు జవాబిస్తే నలుగురూ చూస్తారని కాబోలు.

"నడపండి," అన్నాను.

మధ్యాహ్నం హాలు నిండిపోయి ఉంది. వేరే కేసులవాళ్లు బెంచీలు ఆక్రమించారు. వదినకి ఒక చివర చోటు దొరికింది. అన్నయ్యకి దొరకలేదు. అందరి వెనకా తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి, బయట నడవలో పేర్లు పిలుస్తున్నారు.

జడ్జమ్మగారు అన్నయ్యని పిలవలేదు. నన్ను పిలిచారు. వినికిడి తగ్గింది ఈయనకి కాదు కాబట్టి ఈయనే ఎక్కువ తెలివిగా చెప్పగలరు అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియలేదు. బోనులోకి ఎక్కి, చెప్పమన్న మాటలు చెప్పి ప్రమాణం చేశాను.

"ఈ కాగితంలో సంతకం మీదేనా?"

"నాదేనండి."

"మీ అన్నగారికి ఎప్పటినుంచి వినపడటం లేదు?"

అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అక్కడైనా నిజం చెప్పి వెనక్కి తగ్గితే పోయేది మర ఒక్కటే కావచ్చు. మా ప్లీడరు టేబుల్ మీద వేళ్లు ఆడించడం ఆపాడు. వదిన నన్ను చూసి మెల్లగా తలూపింది, చెప్పు అన్నట్టు.

"ఐదేళ్లయిందండి," అన్నాను. "బాగా దగ్గరకి వచ్చి గట్టిగా చెబితేగాని అందదు."

అంత సాఫీగా వస్తుందనుకోలేదు. ఎన్నేళ్ల అలవాటో, పాత గింజలు కొత్తవని చెప్పినట్టే వచ్చింది.

"ఇంట్లో కూడా అంతేనా?"

"ఇంట్లో కూడా అంతేనండి. మా వదిన పదిసార్లు పిలవాలి."

వదిన గట్టిగా తలూపింది. జడ్జమ్మగారు అది రాసుకున్నారు. పొడుగు ప్లీడరుని మీరేమైనా అడుగుతారా అన్నారు. ఆయన లేవబోయి, ఆవిడ మొహంలో ఏం చూశాడో, మళ్లీ కూర్చున్నాడు.

ఆమె పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. మా పిటిషన్ అయిపోయినట్టే ఉంది, వేరే కట్టలోకి చెయ్యి వెళ్లింది. తల దించుకునే, కింద కూర్చున్న గుమాస్తాతో, తమలో తాము ఏదో పని మాట్లాడుకున్నట్టు, నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే సగం సగం వినపడేలా అన్నారు.

"తలుపు దగ్గర ఆ పెద్దాయన ఇందాకటినుంచి నిలబడే ఉన్నారు. ఒక కుర్చీ వేయించండి."

గుమాస్తా ఇంకా తల తిప్పలేదు. బంట్రోతు కదల్లేదు.

"పర్వాలేదమ్మా," అన్నాడు అన్నయ్య హాలు అవతలినుంచి. "నిలబడతాను."

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. అన్నయ్య ఆదమరిచి అన్నాడో, ఎరిగే అన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే వెనక్కి తిరిగి ఆయన మొహం చూడాలి. నేను బోనులో ఉన్నాను, తిరగలేను. వదిన మొహం మాత్రం కనపడింది. ఆమె ఇంకా తలూపుతూనే ఉంది, ఏం జరిగిందో అందక.

జడ్జమ్మగారు పక్కకి పెట్టిన మా కట్టని మళ్లీ దగ్గరకి లాక్కున్నారు. గొంతు పెంచలేదు. ఇందాకటికన్నా తగ్గించారు.

"ముందుకి రండి పెద్దాయనా."

నా వెనక జనం దారి ఇస్తున్న చప్పుడు. ఆ మధ్యలోంచి అన్నయ్య చెప్పులు, తొందర లేకుండా, ఒక్కో అడుగే దగ్గరకి వస్తున్నాయి.